కిషన్ ఆపేసిన జనరేటర్

మల్కాజ్‌గిరి కిషన్ దగ్గర జనరేటర్ అద్దెకు కావాలంటే ముందు ఆయన షరతుకు తలూపాలి. మిషన్ గుమ్మానికి ఇరవై అడుగుల దూరంలో, ఆరుబయటే ఉంటుంది. పొగగొట్టం మూతి వీధి వైపే తిరిగి ఉండాలి. చలికి మొరాయిస్తే పదిసార్లు తాడు లాగి, బతిమాలి నడిపిస్తాడు గానీ ఇంట్లోకి మాత్రం రానివ్వడు. అబ్బో, అదేం చాదస్తమో!

మొన్న మాఘమాసంలో కార్ఖానా బస్తీలో వరహాలబాబు గృహప్రవేశం. విజయనగరం నుంచి ఉద్యోగానికొచ్చి, ఇరవై ఏళ్లు అద్దెకుండి కట్టుకున్న ఇల్లు. కరెంటు మీటరు ఇంకా రాలేదు. తెల్లవారకముందే ముహూర్తం, ఎముకలు కొరికే చలి. కిషన్ లైట్లు వెలిగించి, టీ తాగడానికి సందు చివరికి వెళ్లాడు.

ఆ కాస్త వ్యవధిలో ఏం జరిగిందో ఆయనకు తర్వాత తెలిసింది. మోతలో మంత్రాలు వినపడడం లేదని పురోహితుడు విసుక్కున్నాడట. వరహాలబాబు మంచివాడే, మిషన్ మంచులో తడుస్తోందని జాలి కూడా పడ్డాడు. బావమరిదితో కలిసి దాన్ని ఇంట్లో మెట్ల కింద ఉన్న కొట్టులోకి తోసి, దాని షట్టరు దించేశాడు. పాలు పొంగేదాకా పొయ్యి ఆరకూడదని భార్య గంగాదేవి కిటికీలన్నీ మూసేసింది. కాసేపటికి అందరికీ తల దిమ్మెక్కింది. హోమం పొగ, ఆపైన ఉపవాసం, అంతేలే అనుకున్నారు. వరహాలబాబు తల్లి పైడమ్మ మెట్ల పక్క గదిలో మడతమంచం మీద పడుకుని ఉంది.

తిరిగొచ్చిన కిషన్‌కు గేటు దగ్గర మిషన్ కనబడలేదు. మోత వినపడిన వైపు, మెట్ల కిందికి పరిగెత్తాడు. షట్టరు లేపి ఇంజను ఆపేశాడు. ఇల్లంతా చీకటి. అపశకునమని ఆడవాళ్లు గొల్లుమన్నారు. పాలింకా పొంగలేదని గంగాదేవి ఏడ్చినంత పనిచేసింది. కిషన్ ఎవరి మాటా వినకుండా కిటికీలు బార్లా తీసి, అందరినీ రోడ్డు మీదికి తరిమాడు.

"హోమం పొగ కండ్లల్ల నీళ్లు తెప్పిస్తది సార్. మిషన్ గ్యాస్ కనవడది, వాసన రాదు. నిద్రల్నే పానం తీస్తది. లోపట ఇంకెవరన్న ఉన్నరా?"

వరహాలబాబుకు తల్లి గుర్తొచ్చింది. ఇద్దరూ లోపలికి పరిగెత్తి పైడమ్మను మంచంతో సహా మోసుకొచ్చారు. పిలిస్తే పలకలేదు. నా చేతులతో నేనే తోశానే అని అతను నడిరోడ్డు మీద కూలబడి ఏడ్చేశాడు. కిషన్ అంబులెన్స్‌కు ఫోన్ చేశాడు. చల్లగాలి తగిలిన కాసేపటికి ముసలమ్మ దగ్గింది, కళ్లు తెరిచింది. హాయిగా పడుకున్నదాన్ని రోడ్డుకెక్కించింది ఎవడని తిట్లు లంకించుకుంది. ఆ తిట్లు వింటుంటే కిషన్‌కు ఎంత సంతోషమేసిందో!

ఆసుపత్రి నుంచి ఆవిడ సాయంత్రానికి తిరిగొచ్చింది. అందరూ బయటికొచ్చేశారు కాబట్టి మళ్లీ గృహప్రవేశం చేయాలని పట్టుబట్టింది. గేటు బయట తీగలు చుట్టుకుంటున్న కిషన్‌ను చెయ్యి పట్టి గుమ్మం దాకా లాక్కొచ్చింది.

"నా కొడుకు ఇల్లు కట్టినాడు. అందులోన ఉండీదానికి నన్ను నువ్వు మిగిల్చినావు బాబూ. ముందు నువ్వే కుడికాలెట్టు."

కిషన్ చేతులకంటిన మసి ప్యాంటుకు తుడుచుకుని, చెప్పులు విడిచాడు.