తొమ్మిది అంకెలు చదివే గొంతు

జనగామలోని మా రైతుల సహకార సంఘం ఆఫీసులో నేను ముప్పై ఒక్క సంవత్సరాల నాలుగు నెలలు ఫోను బోర్డు దగ్గర పనిచేశాను. నాలుగేళ్ల వయసులో తల్లి పోసి, అదే మశూచి వచ్చి, నాకు చూపు పోయింది. ఎవరు ఏ తారీకున ఫోన్ చేశారో, ఎంతసేపు ఆగారో బ్రెయిలీ నోటుపుస్తకంలో చుక్కలు పొడిచి రాసుకోవడం ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నాకున్న అలవాటు. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ ఆ పుస్తకాల్లోవే.

2011 వానకాలం మొదట్లో పెద్దాఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. సంఘంలో చూపులేని ఆపరేటర్లం ముగ్గురం ఉండేవాళ్లం. జనగామలో నేను, మహబూబాబాద్‌లో ఒకాయన, భూపాలపల్లిలో ఒకామె. ఫోను బోర్డులు తీసేస్తున్నామనీ, ఇకమీద రైతుల యూరియా బుకింగు అంతా కంప్యూటర్ మీదనేననీ అందులో రాశారు. మూడు నెలల తర్వాత ఒక అధికారి వస్తాడు. ఆయన ఎదుట మేం ఒక్కరోజులో నలభై బుకింగులు ‘ఇతరుల సహాయం లేకుండా’ చేసి చూపించాలి. చేయలేనివాళ్లు సగం జీతం తీసుకుంటూ రిటైరయ్యే దాకా ఇంట్లో ఉండవచ్చు.

నాకు మిగిలిన సర్వీసు ఇరవై తొమ్మిది నెలలు. భూపాలపల్లి ఆమెకు ఇంకా పందొమ్మిదేళ్ల సర్వీసు ఉంది. ఆమె ఫోన్ చేసి, “ఇంట్ల కూసోబెట్టి తిండి పెడ్తమంటున్నరక్కా. నేనేం ముసల్దాన్ననుకుంటున్నరా?” అన్నది. నేను ముసలిదాన్నే, అయినా నాకూ ఇంట్లో కూర్చోవాలని లేదు.

కంప్యూటర్ పని నలభై రోజుల్లో నేర్చుకున్నాను. స్క్రీన్ రీడర్ అనే ప్రోగ్రామ్ ఒకటుంటుంది. తెర మీద ఉన్న అక్షరాలను అది పైకి చదువుతుంది. మౌసుతో మాకు పని లేదు, మీటలు నొక్కుకుంటూ పోతే గొంతు వెంటే వస్తుంది. మొదటిసారి తరిగొప్పుల ఊరి రైతు ఒకాయన పేరు టైపు చేసి, ఆ పేరును యంత్రం తిరిగి నాకే చదివి వినిపించినప్పుడు నా చేతులు మీటల మీదే ఆగిపోయాయి. రాసింది నేనే, చదువుకున్నదీ నేనే, మధ్యలో ఇంకొక మనిషి లేడు. యాభై ఏడేళ్లలో మామూలు అక్షరంతో నాకది మొదటిసారి.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, బుకింగు ప్రోగ్రామ్ మార్చిన ప్రతిసారీ ఆ గొంతు ఆగిపోయేది. బాగుచేసే ఇంజనీరు హైదరాబాదులో ఉంటాడు. అక్కడే కూర్చుని మన కంప్యూటర్‌లోకి వస్తాడు. దానికి మనం ఒక చిన్న ప్రోగ్రామ్ తెరవాలి, అందులో తొమ్మిది అంకెలు పడతాయి, వాటిని ఫోనులో ఆయనకు చదివి చెప్పాలి. తెరిచిన ప్రతిసారీ అంకెలు మారతాయి. ఆ అంకెలను అక్షరాల్లా కాకుండా బొమ్మలా గీసి పెట్టారు కాబట్టి, నా స్క్రీన్ రీడర్ బాగున్నప్పుడు కూడా వాటిని చదవలేదు. అది పాడైనప్పుడు చెప్పనే అక్కర్లేదు.

మా ఆఫీసులో అటెండరు కొడకండ్ల వైపు తండా మనిషి. ఇంట్లో లంబాడీ, మాతో తెలుగు. బడికి పోలేదు గాని సెల్‌ఫోన్ పుణ్యమా అని అంకెలన్నీ వచ్చు. ఆమె తెర దగ్గరికి వంగి ఒక్కో అంకె చదువుతుంటే నేను ఫోనులో చెప్పేదాన్ని. సంగతంతా వివరిస్తే ఆమె కాసేపు ఆలోచించి, “పానం బాగున్నోళ్లకే తలుపు తెరిచే దవాఖాన లెక్కున్నది గదక్కా గిది” అన్నది. ఇంతకన్నా బాగా దాన్ని ఎవరూ చెప్పలేదు.

మొదటిసారి ఆ ఇంజనీరు లోపలికి వచ్చినప్పుడు, తెర మీద బాణం దానంతటదే నడుస్తున్నదని అటెండరు చెప్పింది. ఎనభై అయిదు కిలోమీటర్ల అవతలి చేయి నా బల్ల మీద పనిచేస్తున్నదన్నమాట. అప్పటిదాకా ముక్కలుముక్కలుగా గొణుగుతున్న గొంతు ఒక్కసారిగా పూర్తిగా ఆగిపోయింది. ఆయన సంతోషంగా అన్నాడు:

“మేడం, మీ కంప్యూటర్లో ఏదో మాట్లాడే ప్రోగ్రామ్ ఒకటి నడుస్తోందండి. దానివల్లే స్లో అయింది. తీసేశాను. ఇప్పుడు చూడండి.”

“చూడమంటున్నవా తమ్మీ? నేను చూసేదాన్నయితే గది ఎందుకు పెట్టుకుంట?”

ఫోను బోర్డు మీద పనిచేసినవాళ్లకు మౌనాలు కూడా లెక్కపెట్టడం వస్తుంది. నలభై సెకన్లు. తర్వాత ఆయన చాలా మెల్లగా, మీకు కనిపించదని నాకెవరూ చెప్పలేదండి అన్నాడు. ఆయన కోస్తా మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఏడేళ్లుగా ఇదే పని. చూపులేనివాళ్ల కంప్యూటర్‌లోకి రావడం ఆయనకదే మొదలు.

అవి ఉద్యమం రోజులు. ఆఫీసు ముందు రోడ్డు మీద వంటావార్పు పెడితే పప్పు వాసన నా బల్ల దాకా వచ్చేది. రైతులు ఫోన్ ఎత్తగానే హలో బదులు ‘జై తెలంగాణ’ అనేవాళ్లు. మా అటెండరు హైదరాబాదు ఇంజనీరుతో కూడా అదే అనేది. ఆయన కొంచెం ఆగి, “నమస్కారమండి” అనేవాడు. ఒకరోజు ఆయన, మీ భాష భలే ఉంటుంది మేడం, వింటుంటే నవ్వొస్తుంది అన్నాడు. చెడ్డ మనసుతో అనలేదని గొంతు చెబుతూనే ఉంది. అయినా ఊరుకోలేదు.

“మా మాటను సినిమాల నవ్వుడానికి పెట్టుకున్నరు మీరు. గిప్పుడు పని నేర్సుకునుడానికి పెట్టుకో.”

ఆయన క్షమాపణ అడిగాడు. నేను వద్దనలేదు. దాని బదులు ఒక పని చెప్పాను. ఆయన కంప్యూటర్‌లో నా స్క్రీన్ రీడర్ వేసుకుని, తెర మీద తువ్వాల కప్పి, ఆయన ప్రోగ్రామ్‌నే మీటలతో నడిపి చూడమన్నాను.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. నవ్వు లేదు. “పదకొండు సార్లు మీట కొట్టానండి. బటన్, బటన్, బటన్ అంటుంది. ఏ బటనో చెప్పదు. తువ్వాల తీసి చూస్తే నా పై అధికారికి సగం రాసిన కంప్లైంటు పంపేశాను.” బటన్ బొమ్మ గీసినవాళ్లు దాని వెనక పేరు రాయకపోతే స్క్రీన్ రీడర్ అంతకన్నా చెప్పలేదు. పాపం, అది అబద్ధమాడదు.

ఆ తర్వాత ఇద్దరం పనికి కూర్చున్నాం. నేను తప్పుల పట్టీ ఒకటి పొడిచాను, పదిహేడు వచ్చాయి. ఫోనులో ఒక్కొక్కటీ చెబితే ఆయన తిరిగి చెప్పాలి, ఫోను బోర్డు మీద నంబర్లను అట్లాగే పలుకుతాం. తొమ్మిది అంకెలకు గొంతు లేదన్నది మొదటిది. లోపలికి రావచ్చా అని అడిగే గడి నాకు వినపడదన్నది రెండోది. లోపలికి వచ్చిన మనిషి ఏం చేస్తున్నాడో, అసలు ఉన్నాడో వెళ్లాడో తెలియదన్నది మూడోది. పదిహేడోది అన్నిటికన్నా పెద్దది. ఇంకొకరి కంప్యూటర్‌లోకి నేను వెళితే, అక్కడి తెర నా దగ్గరికి ఫొటోలా వస్తుంది, ఫొటోను నా స్క్రీన్ రీడర్ చదవదు. అంటే చూపులేనిది చూపులేనిదానికి సాయం చేసే వీలు లేదు. అది తన వల్ల కాదేమోనని ఆయన అన్నాడు. పట్టీలో నుంచి మాత్రం నేను తీయలేదు.

సెప్టెంబరులో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి. తండా నుంచి అటెండరు రావడం ఆగింది. బొగ్గు తవ్వకం ఆగితే కరెంటు కోతలు పెరిగాయి. ఆ రోజుల్లోనే ఇంజనీరు కొత్త ప్రోగ్రామ్ పంపాడు. పదిహేడింటిలో తొమ్మిది సరిచేశారు, ఎనిమిది మిగిలాయి. అది పంపిన ఆరో రోజున, శుక్రవారం, అధికారి జీపులో దిగాడు. ముందు జనగామ, తర్వాత మహబూబాబాద్, చివరికి భూపాలపల్లి. నాకేం రాస్తాడో మిగతా ఇద్దరికీ అదే రాస్తాడని మా ముగ్గురికీ తెలుసు.

పొద్దున్నే లాప్‌టాప్‌లో ఇంటర్నెట్ రాక అధికారి హైదరాబాదు ఇంజనీరుకు ఫోన్ చేసి బాగుచేయించుకున్నాడు. యూరియా కోసం ఆ రోజు ఫోను ఆగలేదు. పన్నెండున్నరకు ఇరవై మూడు బుకింగులు అయ్యాయి. కరెంటు పోయింది. యాభై నిమిషాల తర్వాత వచ్చింది. కంప్యూటర్ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు విన్నాను, గొంతు రాలేదు. ఒకటికి రెండుసార్లు ఆపి మళ్లీ పెట్టినా రాలేదు. అధికారి ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. తరిగొప్పుల రైతు ఒకాయన లైన్లో ఆగి ఉన్నాడు. ఆఫీసులో అంకెలు చదివి చెప్పేవాళ్లు నలుగురున్నారు. ఒక్కరిని పిలిచినా నా పని అయిపోయినట్టే.

కొత్త ప్రోగ్రామ్ మీట నొక్కాను.

నా స్క్రీన్ రీడర్ గొంతు కాదది. ఇంకో గొంతు, ఆ ప్రోగ్రామ్‌కే సొంతంగా పెట్టిన గొంతు, ఒక్కో అంకె విడదీసి తొమ్మిది అంకెలూ చదివింది. చివరన, మళ్లీ వినాలంటే ఇదే మీట నొక్కమన్నది. నేను రెండోసారి నొక్కాను. అవసరం లేదు, మొదటిసారికే అంకెలు పట్టుకున్నాను. ఊరికే, మళ్లీ వినాలనిపించింది. వంటింటి గడియారం చదవడానికి కూడా మనిషిని పిలిచిన ఇంట్లో పెరిగినదాన్ని.

రెండో లైనులో హైదరాబాదుకు అంకెలు చెప్పాను. అవతలి మనిషి లోపలికి రావడానికి అనుమతి అడుగుతున్నారని గొంతు చెప్పింది. అనుమతి ఇచ్చాను. ఆయన చేయబోయే ప్రతి పనీ ముందు టైపు చేశాడు, గొంతు చదివింది, తర్వాత చేశాడు. నాలుగు నిమిషాలకు నా పాత గొంతు లేచి తేదీ, టైము చెప్పింది. ఆయన బయటికి వెళ్లిపోయారన్న సంగతి కూడా చెప్పింది. లైన్లో ఉన్న రైతు, “ఏందవ్వా, నిద్రవోయినవా?” అన్నాడు. ఆయనది ఇరవై నాలుగో బుకింగు.

సాయంత్రానికి నలభై ఒకటి అయ్యాయి. అధికారి కాగితాలు సర్దుకుని, “అన్నీ మంచిగనే చేసిండ్రమ్మా. గని నడుమ ఒకసారి సాయం తీస్కున్నరు గదా” అన్నాడు.

“తీస్కున్న సార్. పొద్దున మీ లాప్‌టాప్‌ల ఇంటర్నెట్ రాకుంటే మీరు గూడ గా ఇంజనీరునే పిలిచిండ్రు. మీకు నౌకరి సొంతంగ చేసుడు రాదని ఎవరన్న రాసిండ్రా?”

పక్కగదిలో ఎవరో దగ్గారు. అధికారి కలం గీస్తున్న చప్పుడు వినబడింది. కాగితం నేను చదవలేను కాబట్టి రాసింది చదివి వినిపించమని అడిగాను. విసుక్కోకుండా చదివాడు. ఉద్యోగులందరికీ అందే సాంకేతిక సహాయంతో ఈమె పని పూర్తిగా చేయగలరు అని రాశాడు. ‘ఇతరుల సహాయం లేకుండా’ అన్న మాట ఆ కాగితంలో లేదు. నేను రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాను.

సోమవారం మహబూబాబాద్ ఆయన ముప్పై రెండో బుకింగు దగ్గర తడబడినా నలభై పూర్తిచేశాడు. భూపాలపల్లిది గురువారం. బుధవారం మధ్యాహ్నం ఆమె ఏడుస్తూ ఫోన్ చేసింది. రైతుల పట్టీలో కిందికి పోతున్న కొద్దీ గొంతు ఒకే మాట అంటున్నదట, ఎవరిది ఏ వరుసో తెలియక ఒకరి యూరియా ఇంకొకరికి రాస్తున్నదట. ఇంజనీరు రెండుసార్లు లోపలికి వెళ్లి చూసి, తెర మీద అంతా సరిగ్గానే ఉందండి అన్నాడట. కంటికి సరిగ్గానే ఉంటుంది.

నేను హైదరాబాదుకు ఫోన్ చేసి పదిహేడోదాని సంగతి అడిగాను. ఆయన కొంచెం నసిగి, ఒకటి తయారుచేశాం గాని ఇంకా ఎవరికీ ఇవ్వలేదండి అన్నాడు. బొమ్మతో పాటు అక్కడి గొంతు పలికే మాటలను కూడా ఇవతలికి పంపిస్తుందట. ఇవ్వమన్నాను. గంటన్నరలో రెండు చోట్లా పెట్టించాడు.

భూపాలపల్లి ఆమె తన యంత్రం పలికిన తొమ్మిది అంకెలు నాకు చెప్పింది. కొట్టాను. ఆమె అనుమతి ఇచ్చింది. నా చెవుల్లో నా కంప్యూటర్ గొంతు ఆగిపోయింది, దాని చోట ఇంకొకటి వచ్చింది. నా దానికన్నా సన్నగా, నిదానంగా. భూపాలపల్లిలో ఆమె బల్ల మీద మాట్లాడుతున్న గొంతు అది. జనగామలో నా కుర్చీలో కూర్చునే నేను అక్కడి గదిలో ఉన్నాను. ముప్పై ఏళ్లు తీగల మీద మనుషుల మాటలు దాటించినదాన్ని, ఒక తెర మొత్తం మాటై నడిచి రావడం ఎన్నడూ ఎరుగను.

“అక్కా, ఇనవడుతున్నదా?” అన్నది ఆమె ఫోనులో. “ఇనవడుతున్నది” అన్నాను.

కింది బాణం నొక్కాను. “గ్రామం” అన్నది గొంతు. మళ్లీ నొక్కాను. “గ్రామం.” మూడోసారీ అంతే. తెర మీద గుర్తు వరుస వరుసకూ దిగుతున్నా గొంతు పట్టీ పైనున్న శీర్షికను వదలడం లేదు. వినేవాళ్లకే తెలిసే తప్పు అది. ఒక సెట్టింగు పొరపాటున మారిపోయింది. వెతకడానికి పదకొండు నిమిషాలు పట్టింది, మార్చడానికి రెండు మీటలు. మళ్లీ కింది బాణం నొక్కాను.

“ఘనపూర్, మూడు బస్తాలు,” అన్నది గొంతు. ఇంకోసారి నొక్కితే, “ఘనపూర్, రెండు బస్తాలు.”

ఇద్దరం ఫోను పట్టుకుని ఇరవై వరుసలు విన్నాం.

గురువారం ఆమె నలభై మూడు బుకింగులు చేసింది. నాకన్నా రెండు ఎక్కువ.