బీరప్ప ట్రాక్టరుకు తొవ్వ నేర్పిన వైనం

బీరప్ప బండి మీద ఓసారి ఎంత పొడుగు బండ వచ్చిందంటే, దాని మూతి తాండూరు స్టేషను చేరేసరికి తోక ఇంకా గనిలోనే ఉందట. ఈ మాట బీరప్పే చెప్పేవాడు. నమ్మనివాళ్లకు ఆ బండను చూపిస్తాననేవాడు కూడా. కాకపోతే ఈ కొస నుంచి ఆ కొసకు నడవడానికి రెండు రోజులు పడుతుందనేసరికి ఎవరికీ తీరిక ఉండేది కాదు.

పుట్టింది గొర్రెలు కాసే కురుమల ఇంట. పోలీసు చర్య జరిగిన ఏడాదే మందకు రోగం తగిలి నలభై గొర్రెలూ పోయాయి. గొర్రెలు లేని కురుమ ఏం చేస్తాడు? పెద్దేముల్ పక్కన పాండురంగం పటేల్ కమతంలో బండి తోలడానికి కుదిరాడు. ఆ పొలంలో ఏ మూలకు గడ్డపార కావాలన్నా, ఎరువు గంప కావాలన్నా బీరప్ప బండి కదలాల్సిందే. పదిహేనేళ్లు అదే పని. తన ఎలపటి ఎద్దుకు ఎక్కాలు వచ్చనీ, చెప్పినదానికన్నా ఒక్క బండ ఎక్కువ వేసినా అడుగు తీసి అడుగు వేసేది కాదనీ చెప్పుకునేవాడు.

అరవై మూడులో పటేల్ చిన్న ట్రాక్టరు కొన్నాడు. ఎర్రది. మేకపోతుకు చక్రాలు బిగించినట్టుండేది. వెనక రెండు చక్రాల తొట్టి. ఎడ్లను సంతలో అమ్మేశారు. ఇక వికారాబాదు నుంచి డ్రైవరును పిలిపిస్తానన్నాడు పటేల్.

"డ్రైవరెందుకు పటేలా, నేను లేనా? రైలింజను తోలిన చేతులివి."

"రైలింజను నువ్వెప్పుడు తోలినవ్‌రా?"

"తోలనిస్తే తోలేటోన్నే గద."

పటేల్ నవ్వలేదు. "ఎనిమిది దినాలు ఇస్తున్న, నేర్సుకో. తొమ్మిదోనాడు గుట్టమీది బాయికాడికి నీళ్లింజను కొట్టానికి బండలు ఎక్కియ్యాలె. ఒక్కటి పలిగినా వికారాబాదాయన వస్తడు. నువ్వు మల్ల గొర్లకాడికి పోవుడే."

పోవడానికి గొర్రెలు లేవన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

ట్రాక్టరుతో వచ్చిన మెకానిక్కు రెండు రోజులుండి గేర్లూ, క్లచ్చూ, చేత్తో పెట్టే గేసూ చూపించి వెళ్లిపోయాడు. మూడోరోజు మలుపు దగ్గర బీరప్ప "హో... హో" అని అరిచాడు. ట్రాక్టరు ఆగలేదు. కందిచేను గట్టు ఆపింది. చేలో కలుపు తీస్తున్న భార్య నాగవ్వ నడుం ఎత్తి చూసింది.

"ఏమయ్య, దానికి మన మాట రాదేమో. జర కన్నడంల చెప్పి సూడు."

తొమ్మిదోనాడు పన్నెండు నాపరాయి బండలు, నాలుగు గడ్డపారలు, సుత్తెలు, సున్నం గంపలు తొట్టిలో వేశాడు. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు ముందుండాలన్నది బండివాడి చదువు. పెద్ద బండలన్నీ ముందుకు జరిపి, సందుల్లో గడ్డి కుక్కాడు. పైన బావి దగ్గర పటేల్, గోడలు కట్టే సుతారి ఎల్లప్ప, నాగవ్వ, కూలీలు కాచుకుని ఉన్నారు.

సగం గుట్ట దాకా బాగానే ఎక్కింది. అక్కడ ఎత్తు నిటారైంది. ఇంజను గొంతు మారింది, నడక మందగించింది. ఎత్తులో బండి మందగిస్తే బండివాడు ఆలోచించడు. కిందికి దూకి చక్రం వెనక రాయి పెడతాడు. లేకపోతే బండి వెనక్కి జారి ఎడ్లనూ ఈడ్చుకుపోతుంది. పదిహేనేళ్లుగా చేస్తున్న పనే. బీరప్ప దూకాడు. తలకాయంత రాయి అందుకుని చక్రం వైపు తిరిగాడు.

చక్రం అక్కడ లేదు. పెట్టిన గేసు పెట్టినట్టే ఉండటంతో, ఒక మనిషి బరువు తగ్గిందన్న సంబరంతో కాబోలు, ట్రాక్టరు గుడగుడమంటూ పైకి పోతోంది.

పక్కనుంచి వెళ్లి ఎక్కుదామంటే బాట ఇరుకు. ఒకపక్క గుండ్లు, ఇంకోపక్క వాగు. బీరప్ప పై ప్రాణాలు పైనే పోయాయి. బండలన్నీ వాగులో పడ్డట్టే, తన బతుకూ వాటితోపాటే. అయితే ఆ బాటలో పదిహేనేళ్లుగా అతని బండి చక్రాలు కోసిన గాడులు రెండున్నాయి, జానెడు లోతున. ట్రాక్టరు వాటిలో పడి, పక్కకు తిరిగే దారిలేక, గాడి వంగినచోట తానూ వంగుతూ ఎక్కసాగింది.

బావి దగ్గరివాళ్లకు ముందు పొగ కనిపించింది. తర్వాత ట్రాక్టరు కనిపించింది. దాని మీద మనిషి మాత్రం కనిపించలేదు. ఎల్లప్ప తాపీ కింద పారేసి దండం పెట్టాడు. వెనక పరుగెత్తుకొస్తున్న బీరప్ప జనాన్ని చూడగానే, మంద వెనక నడిచినట్టు నింపాదిగా నడవడం మొదలుపెట్టాడు. చదును నేల రాగానే రెండంగల్లో దాన్ని అందుకుని, పక్కనుంచి ఎక్కి ఇంజను ఆపాడు.

"ఏందిర ఇది?" అన్నాడు పటేల్.

"తొవ్వ నేర్పిన పటేలా. ఇగ దానంతటదే వస్తది."

"గా సంకల రాయెందుకు?"

"మాట ఇనకుంటే కొడదామని."

నాగవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది. పటేల్ తొట్టి చుట్టూ తిరిగి ఒక్కో బండనూ గడ్డపారతో తట్టి చూశాడు. పన్నెండూ ఖణేల్‌మన్నాయి. ఇంకోసారి తట్టాడు. అవే పన్నెండు ఖణేల్‌లు.

"సరే, సీటు నీదే," అన్నాడు చివరికి. "గానీ రేపటిసంది నిన్ను సీటుకు కట్టేపిస్త. మల్ల దుంకినవంటే వికారాబాదుకు కబురు పోతది."

కట్టించాడు కూడా. ఆపైన ఆరేళ్లు బీరప్ప నడుముకు తాడుతోనే ఆ కమతమంతా గడ్డపారలూ బండలూ మోసుకు తిరిగాడు. అడిగినవాళ్లకు మాత్రం, ఆ తాడు తనకు కాదనీ, విడిచిపెడితే ట్రాక్టరు ఒక్కటే తాండూరు పోయి రైలుతో పోట్లాడుతుందనీ చెప్పేవాడు.