పంటినొప్పి చెయ్యి

మా అమ్మకు కుడివైపు పన్ను పుచ్చకపోయి ఉంటే నాకు బాక్సింగ్ వచ్చేది కాదు. ఈ మాట చెప్తే చాలామంది నవ్వుతారు. నవ్వనివ్వండి, జరిగింది మాత్రం అదే.

నేను కరాటే టీచర్ని. ఉండేది బెంగళూరులో, కాడుగోడిలో. పని బ్రూక్‌ఫీల్డ్ అపార్టుమెంట్లలో. సాయంత్రం అయిదింటికి ఒక క్లబ్‌హౌసులో, ఆరున్నరకు ఇంకో దాంట్లో ఆడపిల్లలకు క్లాసులు చెప్తాను. పదేళ్ల వయసులో మొదలుపెట్టాను. నల్ల బెల్టు కట్టుకుని పదిహేనేళ్లు దాటింది. ఎదురుగా ఎవరూ లేకుండా, దెబ్బలూ అడ్డాలూ ఒక వరసలో చేసి చూపించే పోటీ ఒకటి ఉంటుంది మాకు. దాంట్లో నేను దిగానంటే మిగతావాళ్లు రెండో స్థానం గురించి ఆలోచించుకునేవాళ్లు. గొప్పలు అనుకుంటే అనుకోండి, కష్టపడి సంపాదించుకున్న గొప్పలే.

మా అమ్మ బట్టలు కుడుతుంది. నాన్న పోయాక ఇంట్లో మేమిద్దరమే. ముందుగదిలోనే ఆమె మిషను. నా దగ్గర నేర్చుకునే పిల్లల తెల్ల యూనిఫారాలన్నీ ఆమె చేతి కుట్టే. కరాటే అంటే అమ్మకు ప్రాణం. ఉతికిన తెల్లబట్టలు, వంగి పెట్టే నమస్కారాలు, ఎవరికీ దెబ్బ తగలకపోవడం. ఇంత మర్యాదైన ఆట ఇంకోటి లేదని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

ఆ దెబ్బ తగలకపోవడం దగ్గరే నాకు చిక్కొచ్చి పడింది.

ఒకరోజు క్లాసులో పిడికిలి ఎలా బిగించాలో చూపిస్తూ, ఎప్పటిలాగే, "ఇది సరిగ్గా పడితే ఎంతటివాళ్లయినా కింద కూర్చోవాల్సిందే" అన్నాను. ముందు వరసలో నిలబడే పదకొండేళ్ల పిల్ల చెయ్యెత్తింది.

"మిస్, మీరు ఎవరినైనా రియల్‌గా కొట్టారా?"

వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగింది. ఎదురుగా మనిషి ఉండే పోటీల్లో కూడా, మా పద్ధతిలో పిడికిలి అవతలి మనిషి ముఖం ముందు వెంట్రుకవాసిలో ఆగిపోవాలి. తగిలిందా, తప్పు మనదే. ఇరవై ఏళ్లుగా నేను బ్రహ్మాండంగా ఆపుతున్నాను.

"లేదు" అన్నాను.

"మరి కూర్చుంటారని ఎలా తెలుసు?"

పిల్లలంతా కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వేశాను గానీ తల కొట్టేసినట్టయింది. ఇన్ని వందలమంది పిల్లలకు, అదీ ఆడపిల్లలకు, నాకే తెలియని సంగతిని అంత ధీమాగా చెప్పుకుంటూ వచ్చాను. ఏ రోజైనా ఆ పిల్లకు అవసరం పడి, నా మాట నమ్మి, చెయ్యి విసిరితే? ఆ ఆలోచన వచ్చాక రెండు రోజులు క్లాసులో పిడికిలి పాఠం ఎత్తలేదు. మూడో రోజు క్లాసులో ఆ పిల్లతో, "తెలుసుకుని చెప్తాను" అన్నాను.

కాడుగోడిలో మెట్రో ఎక్కి కె.ఆర్.పురంలో దిగితే, టైర్ల షాపు పైన ఒక బాక్సింగ్ హాలు ఉంది. నిన్నమొన్నటిదాకా అక్కడ అందరూ మగవాళ్లే. ఇప్పుడు ఆదివారం పొద్దున ఆడవాళ్ల బ్యాచి పెట్టారు. మగవాళ్లు బట్టలు మార్చుకునే గదికి మధ్యలో ప్లైవుడ్ కొట్టి, అవతల సగం మాకిచ్చారు. మా సగంలోనే అద్దం ఉంది. ఆ గెలుపు మాకు చిన్నదేమీ కాదు.

కోచ్ సార్ యాభై దాటిన మనిషి. ముక్కు కాస్త పక్కకు తిరిగి ఉంటుంది. మొదటి రోజు గ్లవ్స్ తొడిగి వేలాడే బస్తా ముందు నిలబెట్టాడు. నేను అలవాటు కొద్దీ బస్తాకు వంగి నమస్కారం పెట్టాను. తర్వాత ఇల్లెగిరిపోయేలా అరుస్తూ గుద్దాను. పళ్లకు పెట్టుకున్న రబ్బరు తొడుగు ఎగిరి ఆయన బూటు మీద పడింది.

ఆయన దాన్ని తీసి చేతికిచ్చి, "గుద్దు బాగుండాది మేడం. మీ రెండో చెయ్యి యాడికి పోయింది?" అన్నాడు.

చూసుకుంటే నడుము దగ్గర ఉంది. కరాటేలో ఒక చెయ్యి ముందుకు పోయిందంటే రెండోది వెనక్కి, నడుముకు రావాలి. అది అందం, అదే బలం అని మాకు నేర్పుతారు. నేనూ నేర్పాను. బాక్సింగులో ఆ రెండో చెయ్యి దవడను కాపలా కాయాలి. నడుముకు పోయిందంటే తలుపు తీసి పెట్టినట్టే.

తెలియడం వేరు, చెయ్యి వినడం వేరు. మా బ్యాచిలో ఒక నర్సు ఉండేది, నా భుజం దాకా రాదు. మొదటిసారి ఎదురెదురు నిలబడగానే నా చెయ్యి నడుముకు పోయింది, ఆమె గ్లవ్ నా చెంప మీద పడింది. "సారీ అక్కా" అంది. దెబ్బ కంటే ఆ సారీకి ఎక్కువ ఒళ్లు మండింది.

"ఫోన్ మాట్లాడేటప్పుడు చెయ్యి యాడ పెట్టుకుంటారు? అట్ల పెట్టండి" అనేవాడు సార్. నేను ఫోన్ ఇయర్‌ఫోన్లలో మాట్లాడతాను. నెల దాటినా చెయ్యి దారికి రాలేదు. చివరికి ఒక ఆదివారం కుర్చీ లాక్కుని నా ముందు కూర్చున్నాడు.

"రెండు నెల్లకు మన హాల్లో ఆడోళ్ల పోటీలు, బౌట్లు పెడతాండాము. మీ చెయ్యి ఇట్లనే దిగతా ఉంటే మిమ్మల్ని రింగులోకి వదల్ను. బేజారు చేసుకోవద్దండి. మీ ముఖానికి ఏమన్నా అయితే మీ అమ్మకు నేనేం చెప్పేది?"

మా అమ్మ అప్పటికే చెప్పాల్సింది చెప్పేసింది. నర్సు కొడితే కమిలిన చెంపతో ఇంటికి వెళ్లిన రోజున మిషను ఆపి నన్ను ఎగాదిగా చూసింది.

"సుమ్నే, ఊరికే కరాటే చేసుకోనుంటే ఏమయ్యింది నీకు? ఈ గుద్దులాట యాల? ఈ ముఖం చూసినోళ్లు ఏమనుకుంటారు? ఎవురో కొట్టినారనుకుంటారు. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. నేనే కొట్టినాననుకుంటారు!"

నాకు నవ్వాగలేదు. అమ్మ నవ్వలేదు. ఆమె భయం నాకు తెలియనిది కాదు. మా వీధిలో ఆడమనిషి కన్ను నల్లబడి కనిపిస్తే ఎవరూ ఏమీ అడగరు. పాలు ఎంత, కూర ఏం చేశావు అని మాట్లాడి పోతారు. అలాంటి ముఖాలకు ఎన్నింటికో అమ్మ జాకెట్ల కొలతలు తీసింది.

ఆ రోజుల్లోనే ఆమె పన్ను మొదలైంది. లవంగం పెట్టుకుంది, ఉప్పునీళ్లు పుక్కిలించింది. డాక్టరు దగ్గరికి మాత్రం రానంది, సూదంటే చచ్చేంత భయం. నేను ముందుగదిలో అద్దం ముందు గుద్దులు సాధన చేస్తుంటే ఆమె మిషను దగ్గర కుడి అరచెయ్యి దవడకు ఆనించుకుని కూర్చునేది. ఎడమ చేత్తోనే గుడ్డ జరిపింది, దారం ఎక్కించింది, నన్ను తిట్టేటప్పుడు ఆ చేతినే ఆడించింది. కుక్కర్ కూతపెడితే వెళ్లి ఎడమ చేత్తోనే స్టవ్ కట్టేసింది. ఏం చేసినా కుడి చెయ్యి దవడను వదల్లేదు.

నేను సాధన ఆపి చూస్తూ నిలబడిపోయాను.

"అమ్మా, ఆ చెయ్యి ఒక్కసారైనా దించవేమే?"

"దించితే నొస్తాది" అంది.

సార్ నెల రోజులుగా చెప్తున్నది ఇదే కదా అనిపించింది. అక్కడికక్కడే నాకూ కుడివైపు పన్ను పుచ్చిందనుకుని, పిడికిలి దవడకు ఆనించి, ఎడమ చేత్తో గుద్దాను. అమ్మ ఓరకంట చూసింది. తర్వాత ఉండబట్టలేక లేచి వచ్చింది.

"అట్లనా పట్టుకునేది? పన్ను నొచ్చేవాళ్లు అంత దూరం పెట్టరు. ఆనించు గట్టిగా. మోచెయ్యి లోపలికి."

ఆ రోజు నుంచి గుద్దులాటను తిడుతూనే నాకు మాస్టరమ్మ అయింది. మిషను తొక్కుతూనే, నా చెయ్యి రవ్వంత కిందికి జారితే చాలు, "పన్ను!" అని కేకేసేది. మూడు వారాలకు సార్ నన్ను ఆశ్చర్యంగా చూసి, ఎవరు నేర్పారని అడిగాడు. చెప్పాను. ఆయన నోటుపుస్తకం తీసి, "బౌట్ అయ్యేదాకా ఆ పన్ను పీకించవద్దని చెప్పండి" అన్నాడు. నా పేరు రాసుకున్నాడు.

బౌటు రోజున హాలంతా నిండిపోయింది. ముందు వరసలో సగం మంది ఆడవాళ్లే. నా పదకొండేళ్ల పిల్ల వాళ్లమ్మను వెంటేసుకుని వచ్చింది. అమ్మ రానంటే రానంది. తీరా వచ్చింది. నా నిక్కరు నడుము ఆమే బిగించి కుట్టింది. "కుట్టు విడిపోతే యాడుండాడు అక్కడ దర్జీ?" అంటూ సూదీ దారం సంచిలో వేసుకుంది.

నా ఎదుట నిలబడింది కాలేజీ పిల్ల. నా కంటే పొడుగు, వయసులో పదమూడేళ్లు చిన్న. గంట కొట్టారు. అంతమంది ముందు నిలబడగానే నా ఒళ్లు పాత పోటీలను గుర్తు తెచ్చుకుంది. ఎడమ చెయ్యి ముందుకు, కుడి చెయ్యి హాయిగా నడుముకు. ఆ పిల్ల గుద్దు నా కుడి కంటి మీద పడింది. కళ్ల ముందు వెలుగు ఆరి వెలిగేసరికి నేను కింద కూర్చుని ఉన్నాను. వెంటనే లేచాను. రెఫరీ నా ముందు నిలబడి ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. సరిగ్గా నేను పిల్లలకు చెప్పే గుద్దు, నాకే తగిలింది.

విరామంలో సార్ ఏదో చెప్పాడు. ఒక్క ముక్క చెవికెక్కలేదు. రెండో రౌండులో మళ్లీ చెయ్యి జారడం నాకే తెలుస్తోంది, ఆపలేకపోతున్నాను.

"పన్ను!"

ఆ గొంతు హాలంతా వినబడింది. నా కుడి చెయ్యి నన్నడక్కుండానే పైకి లేచి దవడకు అతుక్కుంది. అదే క్షణంలో ఆ పిల్ల గుద్దు వచ్చి నా గ్లవ్‌కు తగిలింది. నేను అక్కణ్ణుంచే, ఆ పంటినొప్పి దగ్గర్నుంచే, కుడి చేత్తో గుద్దాను. ఆపలేదు. జీవితంలో మొదటిసారి పిడికిలిని ఆపలేదు. ఆ పిల్ల కింద కూర్చుంది.

ఆ క్షణాన నాకు కలిగిన గర్వాన్ని దాచుకోను.

మూడో రౌండంతా నా విద్యార్థిని కూడా అమ్మ పక్కన చేరి "పన్ను! పన్ను!" అని అరిచింది. చుట్టుపక్కలవాళ్లు ఇదేం భాషో అని చూశారు. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు నా వైపు మొగ్గారు. రెఫరీ నా చెయ్యి పైకెత్తాడు.

కిందికి దిగగానే నా విద్యార్థిని పరుగెత్తుకొచ్చింది. "మిస్! రియల్‌గా కూర్చుంది!"

"కూర్చుంది" అన్నాను. "వెంటనే లేచింది కూడా, చూశావా? నన్ను కొడితే నేనూ లేచాను. అది నేను మీకెప్పుడూ చెప్పలేదు. రేపట్నుంచి చెప్తాను."

మర్నాటికి నా కుడి కన్ను వంకాయ రంగుకు తిరిగింది. పొద్దున్నే అమ్మ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది.

"పద, పన్ను పీకించుకుంటా. అంత దెబ్బ తిని నువ్వు లేస్తివి. నాకు సూది ఒక లెక్కా?"

బ్రూక్‌ఫీల్డ్‌లో పంటి డాక్టరమ్మ మన తెలుగమ్మాయే. అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, సూది సిద్ధం చేస్తూ నా కన్ను చూసింది. చెయ్యి ఆగింది. నా దగ్గరికి వచ్చి గొంతు బాగా తగ్గించి అడిగింది.

"మీరు సేఫ్‌గానే ఉన్నారా? ఇంట్లో ఎవరెవరుంటారు?"

ఎవరూ అడగని ప్రశ్న అడిగినందుకు నాకు ఆమె మీద గౌరవం కలిగింది. నేను నోరు తెరిచేలోపే కుర్చీలోంచి జవాబు వచ్చింది.

"ఇంట్లో నేనుండాను తల్లీ. నేను కొట్టలే." అమ్మ తల తిప్పి నా కంటి వైపు చూపించింది. "నా బిడ్డ బాక్సరు. గెలిచొచ్చిన కన్ను అది. బాగా చూడు."

ఆ తర్వాత, ఇన్ని నెలలుగా దించని ఆ కుడి చెయ్యిని దవడ మీంచి తీసి ఒళ్లో పెట్టుకుని, నోరు తెరిచింది.