రామాంజినప్ప చేసిన తొమ్మిదో తప్పు

హూడిలోని ఆ కుక్కల ఆస్పత్రిలో రామాంజినప్పకు ఎక్స్‌రేలు తీసే హక్కుంది, చూసే హక్కు లేదు. పదో తరగతి దాటని మనిషికి ఎముకల మీద అభిప్రాయాలుండటం ఆస్పత్రి మర్యాదకు తగదు. ఒకసారి నోరు జారి, "ఇది చీము సార్" అన్న పాపానికి డాక్టరు దీపక్ నెల రోజులు అతన్ని "ప్రొఫెసర్ గారూ" అని పిలిచాడు. అప్పటినుంచీ తెలిసింది చెప్పడం మానేసి, తప్పులు చేయడం నేర్చుకున్నాడు.

ఆ శుక్రవారం పొద్దున అపార్ట్‌మెంటు కాపలాదారు సొన్నప్ప, కుంటుతున్న తన నల్లకుక్క కరియను ఎత్తుకొచ్చాడు. ఎక్స్‌రేలో ముందుకాలి ఎముక చెదలు తిన్న కట్టెలా ఉంది. దీపక్ మూడు నిమిషాల్లో తేల్చేశాడు, అందులో రెండు ఫోనుకే పోయాయి. ఎముక క్యాన్సర్, సోమవారం కాలు తీసేద్దాం అన్నాడు. సొన్నప్ప కుక్కను ఒళ్లోకి లాక్కుని బెంచీ మీద కూలబడ్డాడు.

రామాంజినప్ప కళ్లు మాత్రం తెరను వదల్లేదు. తిన్నచోట సన్నటి తెల్లపెళ్ల, దాని చుట్టూ నల్లటి గీత. పక్క ఎముక నీడ సగం కప్పేసింది గానీ, చచ్చిన ఎముకను చీము అలా విడగొట్టడం అతను ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాడు. క్యాన్సరూ ఎముకను తింటుంది, ఇలా ముక్కను విడిగా వదలడం మాత్రం అరుదు. అతను బెంచీ దగ్గరికి పోయి, కాలికి ముందెప్పుడన్నా దెబ్బ తగిలిందా అని మెల్లగా అడిగాడు.

"రెండు నెల్ల కింద ఇంగో కుక్క ఈ కాలే కొరికిండాది అప్పా. పుండు మానిపోయింది గదా, సారు అడగనూ లేదు" అన్నాడు సొన్నప్ప.

నిజమే, సారు జాతి ఏమిటని మాత్రమే అడిగి, "వీధి" అని రాసుకున్నాడు.

రామాంజినప్ప డాక్టరు ముందు చేతులు కట్టుకున్నాడు. "నాదే తప్పు సార్. కుక్క కదిలింది, ఫిల్ము సరిగా రాలేదు. ఇంగో దిక్కునుంచి తీస్తా."

కుక్కను పట్టుకోవడం ఇంకెప్పుడు నేర్చుకుంటావని దీపక్ చీవాట్లు పెట్టాడు. తిట్లు తిన్నాక అనుమతి తప్పక వస్తుంది. ఈసారి కాలు మెలిపెట్టి తీస్తే పెళ్ల తెర మధ్యలో నిలబడింది. అయినా డాక్టరుగారి చూపు తక్కిన ఎముకంతా తీర్థయాత్ర చేసింది. రామాంజినప్ప గుడ్డ తీసుకుని, తెర మీద సరిగ్గా ఆ పెళ్ల దగ్గరే దుమ్ముందని రెండుసార్లు తుడిచాడు.

"ఆగు" అన్నాడు దీపక్. తర్వాత, చీము పట్టిన ఎముకను తాను ఎలా కనిపెట్టాడో అక్కడున్న అందరికీ వివరించాడు. పరీక్షలోనూ అదే తేలింది. సోమవారం తీసింది ఆ పెళ్లను మాత్రమే.

మంగళవారం రామాంజినప్పకు మెమో వచ్చింది. అనవసరంగా రెండోసారి ఎక్స్‌రే, తొమ్మిదో తప్పు. కింద సంతకం దీపక్‌దే. వెనకటి ఎనిమిది తప్పులూ ఇలాంటి రెండో ఎక్స్‌రేలే. వాటిలో రెండు నిజంగానే క్యాన్సర్లు, ఆ కాళ్లు పోయాయి. తక్కిన ఆరు కాళ్లూ ఊళ్లో తిరుగుతున్నాయి. మెమోలో వాటి ప్రస్తావన లేదు.

మూడు నెలల మందులు వాడాక కరియ వచ్చింది. సొన్నప్ప డాక్టరుకు దండ వేశాడు, కరియ ఆయన చెయ్యి నాకింది. ఆనక తన కాలు మెలిపెట్టిన మనిషిని గుర్తుపట్టి, పళ్లు బయటపెట్టి ఒక్క ఉరుకు ఉరికింది. రామాంజినప్ప ప్యాంటు చిరిగింది. అతనికి పట్టలేనంత సంతోషమైంది.

ఇన్నేళ్లయినా కుక్కను పట్టుకోవడం రాలేదా అని దీపక్ విసుక్కున్నాడు.

"నేర్చుకుంటా ఉండాను సార్" అన్నాడు రామాంజినప్ప, నేల మీద గట్టిగా ఆనిన ఆ నాలుగో కాలినే చూస్తూ.