బావ దుకాణం ముందే అందరి నోళ్లూ తెరిపించాను

మా ఆయన పోశెట్టి జొన్నరొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, నమలకుండానే తీసి పళ్లెంలో పెట్టాడు. సోయా కోతల రోజులవి. "గింత కారమేసినవేందే?" అన్నాడు. ఆ పూట చేసింది చప్పటి పప్పు. నీళ్లు పుక్కిలించాక కూడా చెంప పట్టుకునే కూర్చున్నాడు. ఏదో తేడాగా ఉందని ఆ రోజే అనిపించింది.

మాది బోథ్ పక్కన ఊరు. మా ఆయన అన్న గంగన్న, నాకు బావ, బోథ్‌లో హోల్‌సేల్ కిరాణా నడుపుతాడు. మా ఆయన ఆ దుకాణానికి ట్రాలీ ఆటో తోలేవాడు. బియ్యం బస్తాల కింద మహారాష్ట్ర నుంచి గుట్కా సంచులు వచ్చేవి. నిషేధం ఉన్న సరుకు. దాన్ని ఊళ్లకు చేర్చే పని మా ఆయనది. చేతికందే సరుకు కాబట్టి చెంపలో ఎప్పుడూ గుట్కా ఉండేది. మా బావ మాత్రం ఒక్కనాడూ దాన్ని నోట్లో వేసుకోలేదు. ఆయన జేబులో సోంపు ఉండేది.

కొద్ది రోజులకే బోథ్‌లో నోటి పరీక్షల క్యాంపు పెడితే మా ఆయన్ని నేనే లాక్కుపోయాను. డాక్టరమ్మ టార్చి వేసి చూసింది. ఆయన నోరు సరిగ్గా తెరుచుకోలేదు. "చెంప లోపల తెల్లమచ్చ ఉంది. ల్యూకోప్లేకియా అంటాం. వదిలేస్తే క్యాన్సర్ కావచ్చు. గుట్కా ఇవాళే మానాలి. ఆదిలాబాద్ వచ్చి బయాప్సీ చేయించుకోండి" అంది.

బయలుదేరే రోజు పొద్దున్నే బావ వచ్చాడు. "లోడొచ్చిందిరా. నోట్ల పుండుకు ఆదిలాబాద్ దాక పోతరా ఎవలన్న? వేడి జేసింది, సబ్జ గింజలు తాగు" అన్నాడు.

"బావా, జర ఒక్క పూట ఇడువు" అని బతిమాలాను.

"నీకేం ఎరుక? గా డాక్టర్లు గట్లనే భయపెడ్తరు."

తర్వాతి వారమూ అదే మాట. అన్న మాట మా ఆయన ఎన్నడూ కాదనలేదు. మరుసటి ఏడు వానాకాలం గడిచేసరికి మచ్చ పుండైంది. దవడ కింద గడ్డ చేతికి తగిలింది. అప్పుడు ఎవరినీ అడగకుండా ఆదిలాబాద్ తీసుకుపోయాను. అదే డాక్టరమ్మ గుర్తుపట్టింది. "అప్పుడే ఎందుకు రాలేదమ్మా?" అని అడిగింది. కళ్ల ముందు మా బావ మొహమే కనిపించింది.

బయాప్సీలో స్క్వామస్ సెల్ కార్సినోమా అని వచ్చింది, అంటే నోటి క్యాన్సరే. కరీంనగర్‌లో సీటీ స్కాన్ చూసి స్టేజ్ త్రీ అన్నారు. "ముందే వచ్చుంటే మచ్చ వరకే తీసేవాళ్లం. ఇప్పుడు దవడ ఎముక కూడా తీయాలి" అన్నాడు సర్జన్. ఛాతీ కండ తెచ్చి చెంపకు అతుకు వేశారు, దాన్నే ఫ్లాప్ అంటారు. ముక్కులో ట్యూబ్ పెడితే అందులో రాగిజావ పోసేదాన్ని. కుదుటపడుతున్నాడు అనుకునేలోపే ఫ్లాప్ అంచు నల్లబడింది. ఇన్ఫెక్షన్. మళ్లీ థియేటర్‌కు తీసుకుపోయారు. ఆ తర్వాత రేడియేషన్‌కు నోరంతా పచ్చిపుండైంది.

దవాఖానకు బావ ఒక్కసారే వచ్చాడు, సంచీ నిండా యాపిల్ పండ్లతో! ముక్కులో ట్యూబ్ ఉన్న మనిషికి!

"అంత దేవుడు రాసిన రాత" అన్నాడు.

"రాత గాదు బావా, నీ సరుకు" అని ఆ సంచీ ఆయన చేతికే ఇచ్చి పంపాను. ఈ మనిషిని వదలనని ఆ క్షణమే అనుకున్నాను.

ఇంటికి వచ్చాక పోలీస్ స్టేషన్‌కు పోయి, నా పేరు చెప్పి మరీ బావ గుట్కా దాచే గోదాం ఎక్కడుందో చెప్పాను. సంచులు పట్టుకున్నారు. కేసైంది. బావ మా వాకిట్లోకి వచ్చి అరిచాడు. "ఇంటి పరువు తీస్తివి గదనే!"

మా ఆయన మొహం మీది తువ్వాలు తీశాను. "చూడు బావా. నీ తమ్ముని దవడ ఏడికి వోయింది?"

నేల చూపులు చూస్తూ వెళ్లిపోయాడు.

బెయిల్ మీద వచ్చి మళ్లీ దుకాణం తెరిచాడు. నా కడుపుమంట చల్లారలేదు. డాక్టరమ్మ దగ్గరికి పోయి, బోథ్‌లో ఇంకో క్యాంపు పెట్టమని అడిగాను. ఎక్కడ అంటే, మా బావ దుకాణం ఎదురుగా అన్నాను. వారపు అంగడి రోజు టెంటు వేశారు. మా ఆయన తువ్వాలు లేకుండా ముందు కుర్చీలో కూర్చున్నాడు. జనం ఆయన్ని చూసి లైనులో నిలబడ్డారు. బావ దగ్గరి హమాలీలు కూడా వచ్చారు. వాళ్లలో రాజన్న అనే ఆయన నోట్లో తెల్లమచ్చ కనిపించింది. మర్నాడే నేను వెంట ఉండి ఆదిలాబాద్ తీసుకుపోయాను. ఇంకా క్యాన్సర్ కాలేదు, మచ్చ తీసేశారు. రాజన్న గుట్కా మానాడు. బావ దగ్గర పనీ మానాడు. ఆ మాట విన్న రోజు నేను కడుపు నిండా తిన్నాను.

ఇప్పుడు మా ఆయన మెత్తటి పప్పన్నం తింటాడు. నోరు బిగుసుకోకుండా పళ్ల మధ్య ఐస్‌క్రీమ్ పుల్లలు పేర్చుకుని ఎక్సర్‌సైజ్ చేస్తాడు. చెకప్‌లకు తప్పకుండా పోతున్నాం. ఆయన మాట నాకు తప్ప ఇతరులకు సరిగ్గా అర్థం కాదు.

"ఇగ సాలు. మా అన్నను ఇడిచిపెట్టు" అంటాడు అప్పుడప్పుడు.

"నువ్వు ఇడువు. నేను ఇడువ" అంటాను. క్యాంపు పెట్టిన ప్రతిసారీ బావ షట్టర్ సగం దించుతాడు. నేను ఆయనకు కనిపించేలా కుర్చీ వేసుకుంటాను.

మీకు చెప్పేది ఒక్కటే. గుట్కా, జర్దా, బీడీ ఏ అలవాటున్నా, మానేసినా సరే, ఆరు నెలలకోసారి డాక్టరుకు నోరు చూపించుకోండి. పుండు గానీ మచ్చ గానీ రెండు వారాల్లో తగ్గకపోతే వెంటనే పోండి. బయలుదేరే పొద్దున ఎవరు ఏ పని చెప్పి ఆపినా, వాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా, బస్సెక్కండి.