బోగీ ఎవరూ ఎక్కరు

పెద్దాయనకున్న జబ్బు ఒక్కటే. రైలుపెట్టెను ఎవరైనా బోగీ అంటే ఊరుకోలేడు.

రైళ్ళ మరమ్మతు షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. బోగీ అంటే పెట్టె కాదనీ, పెట్టెకింద చక్రాలూ స్ప్రింగులూ ఉండే బండి అనీ ఆయన వాదన. ఉత్తర ఇంగ్లండులో బరువులు మోసే పొట్టి బండిని అలా పిలిచేవారట. అంతకుముందు ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదట. నిజమే కావచ్చు. కానీ సగం గడ్డం గీయించుకున్న మనిషి సెలూన్ అతనికి క్లాసు పీకితే ఎలా? అతను పాపం, బావమరిదికి చివరి బోగీలో సీటు దొరికిందన్నాడు, అంతే. మిగతా సగం గడ్డం మర్నాటికి వాయిదా పడింది. వీధి వీధంతా ఆయనకు బోగీ తాత అని పేరు పెట్టేసింది.

ఇంట్లో ఈ పోరు పడలేక కోడలు అత్తగారితో మొరపెట్టుకుంది. "పెళ్ళయిన వారానికే నేనా మాట మానేశానమ్మా," అంది అత్తగారు. "ఇప్పుడు 'అది' అంటున్నాను."

అంతలో కోడలికి నది అవతలి ఊళ్ళో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఉద్యోగం. అయితే రోజూ రైల్లో వంతెన దాటాలి. చిన్నప్పుడు ఆ వంతెన మధ్యలో రైలు ఆగిపోయి, గాలికి పెట్టెలు ఊగినప్పట్నుంచి ఆమె మళ్ళీ రైలెక్కలేదు. ఉద్యోగం వదులుకోవాలని లేదు, ఎక్కే ధైర్యమూ లేదు. మొగుడు తోడొస్తానన్నాడు.

"నీకు బోగీ అంటే ఏమిటో తెలీదురా. నేను వెళ్తా," అన్నాడు పెద్దాయన.

మొదటిరోజు స్టేషనులో ఆమె ఏ బోగీ ఎక్కాలని అడిగింది. బోగీ ఎవరూ ఎక్కరమ్మా అని ఆయన మొదలుపెట్టాడు. రైలు కదిలినా ఆపలేదు. మలుపులో బోగీ ఎలా తిరుగుతుందో చేతులూపి చూపిస్తే ఎదుటి సీటాయన కళ్ళజోడు ఊడిపడింది. కోడలికి ఒళ్ళు మండింది. జనం అనేదే మాట అనీ, మీ ఒక్కరికోసం భాష మారదనీ దులిపేసింది.

"పెట్టె ఊగితే నువ్వెందుకమ్మా ఊగడం? ఆ ఊపు తీసుకోవడానికే కింద బోగీ ఉంది," అన్నాడాయన.

ఆమె మళ్ళీ అందుకునేలోగా స్టేషను వచ్చేసింది. వంతెన ఎప్పుడు దాటిందో ఆమెకు తెలియనే లేదు.

సాయంత్రం తిరుగు రైల్లో ఆయన కునుకు తీశాడు. వంతెన దగ్గరపడగానే దిగ్గున లేచి, "ఏమన్నావు? మళ్ళీ బోగీ అన్నావు కదూ?" అన్నాడు.

రైలెక్కినప్పట్నుంచి ఆమె నోరే విప్పలేదు. అప్పుడర్థమైంది ఆమెకు. మావయ్య మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. "అన్నాను, అంటాను, అయితే ఏంటి?" అంటూ కొంగు బిగించి పోట్లాటకు దిగింది.

అలా కొన్ని వారాలపాటు పోట్లాడుకుంటూ వెళ్ళొచ్చారు. ఒక సోమవారం తను ఒక్కతే వెళ్తానంది. పెద్దాయన సరేనని స్టేషనులో దింపి వెళ్ళిపోయాడు. వంతెన మీద పోట్లాడేవాళ్ళు లేరు. పిడికిళ్ళు బిగించి, కిందనున్న నీళ్ళను చూస్తూనే దాటింది.

స్కూలు గేటు దగ్గర ఫోను మోగింది.

"దాటావా అమ్మా? సీటు దొరికిందా? ఏ బోగీలో కూర్చున్నావు?" పెద్దాయన గొంతులో కంగారు.

ఆయన తన మాట దిద్దుకుంటాడేమోనని ఆమె చూసింది. దిద్దుకోలేదు.

"మూడోదాంట్లో మావయ్యా, కిటికీ పక్కనే," అంది.