బాజాప్తా

కోరుట్ల ఫంక్షన్ హాల్లో బ్యాండు, సౌండు సామాన్ల ఎగ్జిబిషన్. అందులో స్టాలు పెట్టిన సలీం, ఒకప్పుడు హైదరాబాదు పెళ్ళి బ్యాండులో నా పక్కన డ్రమ్ము వాయించినవాడు. ఇన్నేళ్ళకు ఫోన్ చేసి పిలిచాడు. నేను తటపటాయిస్తే "బాజాప్తా రా" అన్నాడు. బాజాతో రమ్మన్నాడనుకుని, ఎప్పుడో ఊదడం మానేసిన క్లారినెట్టును రాజమండ్రి నుంచి మోసుకెళ్ళాను.

నేను పెట్టె తెరవగానే వాడు తెల్లబోయాడు.

"అరే, గిదెందుకు మోసుకచ్చినవ్?"

"నువ్వేగా బాజా తెమ్మన్నావు!"

పొట్ట పట్టుకుని నవ్వాడు. "బాజాప్తా అంటే నీ ఇంటికి అచ్చినట్టు దర్జాగ రమ్మని!"

చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. సిగ్గేసి పెట్టె మూయబోయాను. ఈలోగా సలీం అమ్మకానికి పెట్టిన కొత్త డ్రమ్మును మెడకు తగిలించుకున్నాడు.

"మూస్తవెందుకు? ఊదు."

"ఇక్కడా?"

"బాజాప్తా!"